కిచెన్ చెక్కపని: నీరు ఎక్కే చోటు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే

పదేళ్లు వాడిన వంటింటి కప్‌బోర్డులు విప్పిస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. షట్టర్ల ముఖం చాలావరకు బాగానే ఉంటుంది, తడిబట్టతో తుడిస్తే మళ్లీ మెరుస్తుంది. పాడైనవి నాలుగు చోట్లే. సింకు కింద అడుగుపలక ఉబ్బి, వేలు పెడితే పొట్టులా రాలుతుంది. పక్కపలకల కింది అంచు నల్లబడి పొరలు విచ్చుకుంటుంది. పొయ్యి పైనున్న బాక్సు అడుగున సన్‌మైకా లేచి ఉంటుంది. గోడవైపు వెనకపలకకు బూజు. నాలుగుచోట్లా జరిగింది ఒకటే: కోసిన అంచు నుంచో, వదిలేసిన ముఖం నుంచో తేమ లోపలికి ఎక్కింది.

కొత్త కిచెన్ అనుకోగానే ఇంట్లో చర్చంతా రంగు చుట్టూ, మెరుపు చుట్టూ తిరుగుతుంది. షోరూములో చేతికిచ్చే కేటలాగులు కూడా ముఖాలవే కాబట్టి తప్పు పట్టలేం. కాకపోతే డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ కేటలాగు చెప్పదు.

మాడ్యులర్ కిచెన్ పద్ధతి మనకు వచ్చింది నేలను తడిబట్టతో తుడుచుకుని సరిపెట్టే ఇళ్ల నుంచి. మన దగ్గర వారానికోసారో పండగ ముందురోజో బకెట్ నీళ్లు గుమ్మరించి వంటిల్లు కడుగుతారు. కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా ఆవిరి నిట్టనిలువుగా లేచి పై బాక్సు అడుగున కొడుతుంది. రోజుకు ఆరేడు విజిళ్లు, ఏడాదంతా. తాలింపు పొగలోని నూనె చల్లబడ్డచోట జిడ్డుగా పేరుకుంటుంది. వీటికి తోడు పాతిక కిలోల బియ్యం, ఆవకాయ జాడీలు, గ్రైండర్, ఇత్తడి గుండిగలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు అయితే ఉప్పుగాలి అదనం. బోర్డు ఎంచుకునేటప్పుడు ఈ లెక్కలన్నీ ముందు పెట్టుకోవాలి.

ప్లై మీది ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ప్లైవుడ్‌ను మార్కెట్లో మూడు పేర్లతో అమ్ముతారు. ఎంఆర్ అంటే గాలిలోని తేమను ఓర్చుకునే రకం. ఇందులో వాడేది యూరియా జిగురు. హాల్లో టీవీ యూనిట్‌కు చాలు, వంటింటికి పనికిరాదు. దీన్నే కొందరు 'కమర్షియల్' అంటారు. ఆ మాట కొటేషన్‌లో కనిపిస్తే ఎంఆర్ అనే అర్థం. రెండోది బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీటిని ఓర్చుకునే రకం, ఫినాల్ జిగురుతో చేసేది. ఇది ఐఎస్ 303 ప్రమాణం కింద వస్తుంది. మూడోది బీడబ్ల్యూపీ, మరిగే నీటికీ లొంగని రకం. దీన్నే మెరైన్ ప్లై అంటారు, ప్రమాణం ఐఎస్ 710. పరీక్షలో బీడబ్ల్యూఆర్ ముక్కను 8 గంటలు, మెరైన్ ముక్కను 72 గంటలు మరుగుతున్న నీళ్లలో ఉంచుతారు. పొరలు విడిపోకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ పరీక్ష జిగురుకు, చెక్కకు కాదు. మెరైన్ ప్లైలో జిగురు నీళ్లకు కరగదు, నిజమే. కానీ పొరల్లో ఉన్నది చెక్కే. కోసిన అంచు తడిలో నానుతూ ఉంటే అది నీళ్లు తాగుతుంది, ఉబ్బుతుంది, నల్లబడుతుంది, చివరికి కుళ్లుతుంది. 'వాటర్‌ప్రూఫ్ ప్లై వేశాం, మీకు భయం లేదు' అనే భరోసా విని అంచులు మూయకుండా వదిలేయడం వల్లే ఖరీదైన ప్లై కూడా ఆరేళ్లకు పాడవుతుంది. ఐఎస్ 710లో పొరలకు పురుగు, శిలీంధ్రం పట్టకుండా మందు పట్టించాలన్న షరతు కూడా ఉంది. మెరైన్‌కు అదనంగా పెట్టే డబ్బులో కొంత దానికే.

ఎర్రగా ఉంటే మంచి ప్లై అనే నమ్మకం ఇంకా పోలేదు. పైపొరకు గర్జన్ చెక్క వాడతారు, అది సహజంగానే ఎరుపు. ఆ పేరుకు గిరాకీ ఉందని నాసిరకం పొరకు రంగు పూసి అమ్మేవాళ్లూ ఉన్నారు. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు చేతికి అంటడం ఒక గుర్తు. అసలు చూడాల్సింది షీటు అంచును. 18 మిల్లీమీటర్ల షీటు అంచున పొరలు గీత గీసినట్టు సమానంగా సాగాలి. మధ్యలో ఖాళీలు, ఒక పొర మీదికి ఇంకోటి ఎక్కిన మడతలు, లప్పం పెట్టి పూడ్చిన చోట్లు కనిపిస్తే ఆ షీటు వద్దు. హింజ్ స్క్రూ సరిగ్గా ఆ ఖాళీలోకే దిగిందనుకోండి, ఇక షట్టర్ నిలవదు.

లోపలి పొరల చెక్క ఏ ఊరి నుంచి వచ్చిందో అడగడంలోనూ అర్థముంది. హర్యానాలోని యమునానగర్ పాప్లర్ ప్లైకి పేరు. పాప్లర్ తేలిక, మెత్తన. కేరళలోని పెరుంబావూర్ నుంచి రబ్బరు చెక్క ప్లై వస్తుంది. రబ్బరు చెక్కలో పిండిపదార్థం ఎక్కువ, మందు సరిగా పట్టించకపోతే పుచ్చుపురుగుకు విందుభోజనం. జామాయిల్ పొరలున్న షీటు బరువుగా ఉంటుంది, స్క్రూను బాగా పట్టుకుంటుంది. అందుకే మోసేవాళ్లు విసుక్కునే షీటే సాధారణంగా కిచెన్‌కు మంచిది.

ఐఎస్ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, చిరునామా, ఏ ప్రమాణానికి లైసెన్సు ఉందో వస్తాయి. ముద్ర మీద ఐఎస్ 710 అని, యాప్‌లో 303 అని వస్తే మాట అక్కడితో సరి. ఇంకా నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండంగుళాల ముక్క కోయించి, పాత గిన్నెలో మునిగేలా నీళ్లు పోసి, ఇంకిపోయినప్పుడల్లా కలుపుతూ 8 గంటలు మరిగించండి. ఎంఆర్ ముక్క చాలాసార్లు మొదటి గంటల్లోనే పుస్తకంలా విచ్చుకుంటుంది. ఇది ప్రయోగశాల పరీక్షకు సమానం కాదు కానీ, ఎంఆర్‌కు కొట్టిన అబద్ధపు ముద్రను పట్టించడానికి చాలు.

మిగతా బోర్డులు

పార్టికల్ బోర్డు అంటే చెక్కతునకలను జిగురుతో అదిమి చేసినది. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించే కిచెన్లలో చాలావరకు ఇదే. పొడిగా ఉన్నంతకాలం పనిచేస్తుంది. ఒక్కసారి తడిస్తే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ పాత మందానికి రాదు. స్క్రూ ఒకసారి ఊడితే అదే రంధ్రంలో మళ్లీ పట్టదు. మూడేళ్లు ఉండి ఖాళీ చేసే ఇంటికైతే సరే.

ఎండీఎఫ్ చెక్కనారను పిండిలా చేసి ఒత్తినది. ముఖం గాజులా నునుపుగా ఉంటుంది కాబట్టి పెయింటు ఫినిష్‌కు దీన్ని మించింది లేదు. నీళ్లంటే పార్టికల్ బోర్డుకున్నంత భయమే దీనికీ ఉంది. దీని బలహీనతను తగ్గించడానికి వచ్చిందే హెచ్‌డీహెచ్ఎంఆర్. సాంద్రత ఎక్కువ, ఘనపు మీటరుకు 800 కిలోల పైమాటే. తేమను తట్టుకునే రెజిన్ కలుపుతారు. షట్టర్లకు ఇది చాలా మంచి సరుకు. ప్లై పొరల బిగువులో తేడా వల్ల పొడవాటి షట్టర్ కొన్నాళ్లకు మెలి తిరుగుతుంది, హెచ్‌డీహెచ్ఎంఆర్ ఆ విషయంలో నమ్మకస్తురాలు. కానీ బరువెక్కువ, అందుకు తగ్గ హింజ్‌లు కావాలి. సింకు బాక్సుకు దీన్ని వాడమనేవాళ్ల మాట వినకండి. తేమను తట్టుకోవడం వేరు, నీళ్లలో కూర్చోవడం వేరు.

డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినది), పీవీసీ బోర్డులకు నీళ్లన్నా చెదలన్నా లెక్కలేదు. సింకు కింద అడుగుపలకకు, స్కర్టింగ్‌కు (బాక్సుల కింద నేలవైపు మూసే పట్టీ) నిశ్చింతగా వాడొచ్చు. అంతటితో ఆగడం మంచిది. వేడికి మెత్తబడుతుంది, రెండడుగుల అర మీద బరువు పెడితే వంగుతుంది, స్క్రూ పట్టు బలహీనం. మొత్తం కిచెన్ పీవీసీతో చేయించుకున్న ఇళ్లలో షట్టర్లు ఒరిగిపోవడం సాధారణంగా వినిపించే ఫిర్యాదు.

ఇక మన ప్రాంతానికి చెందిన పాత తెలివి ఒకటుంది: కడప బండలు. నిలువు బండల మీద గ్రానైట్ గట్టు, మధ్యలో అడ్డబండల అరలు, ముందు మాత్రం చెక్క షట్టర్లు. దీన్ని పాతకాలపు పద్ధతి అని తీసిపారేస్తారు కానీ, సింకు కింద, గ్యాస్ బండ పెట్టేచోట దీనికి సాటి లేదు. నీళ్లు నిలిచినా ఏమీ కాదు. ఇబ్బంది ఒక్కటే, బండకు హింజ్ బిగించలేం. అందుకని ముందువైపు టేకుతోనో మెరైన్ ప్లై పట్టీతోనో చట్రం వేసి, దానికి షట్టర్ పెట్టాలి. బండ అంచులు సూటిగా ఉండవు కాబట్టి చట్రానికీ బండకూ మధ్య సందును సిలికాన్‌తో నింపకపోతే బొద్దింకలకు అదే చిరునామా. సొరుగులు కావాలనుకున్న చోట బాక్సులు, నీళ్ల పక్కన బండలు. ఇలా కలిపి చేయించుకోవడమే మన వంటిళ్లకు అన్నిటికంటే తెలివైన ఏర్పాటు అని మా అభిప్రాయం.

టేకు షట్టర్లు చేయించాలనే కోరిక ఇప్పటికీ చాలామందికి ఉంది. తప్పేం లేదు, కానీ నిండు టేకు పలకతో బల్లపరుపు షట్టర్ చేయిస్తే అది వానాకాలం ఉబ్బి, ఎండాకాలం సన్నబడి ఎక్కడో ఒకచోట పగులుతుంది. చెక్క అడ్డంగా కదులుతుంది, నిలువునా దాదాపు కదలదు. ఈ కదలికకు చోటివ్వడానికే పాత తలుపుల్లో చట్రం, లోపల పలక అనే అమరిక పుట్టింది. చట్రం గాడిలో పలకను జిగురు లేకుండా వదులుగా కూర్చోబెడతారు. ఆ పలకకు కూడా జిగురు పెట్టి బిగించే వడ్రంగి దగ్గర పని ఆపించండి. కలప ఆరిందో లేదో తేమ మీటరుతో చూపించమనండి. 12 శాతం దగ్గర ఉంటే పనికి సిద్ధం, 18 చూపిస్తే ఇంకా పచ్చి.

అడుగు లెక్కలో దాగిన బోర్డు

'అడుగుకు ఇంత' అని చెప్పే ధర ముందునుంచి కనిపించే కొలతకే. దాని వెనక ఎంత బోర్డు ఉందో ఒక బాక్సు విప్పి చూద్దాం. 600 మిల్లీమీటర్ల వెడల్పు, 720 ఎత్తు, 560 లోతున్న మామూలు కింది బాక్సు. ముందు కొలత 4.65 చదరపు అడుగులు. ఇప్పుడు పలకలు: రెండు పక్కలు కలిపి 8.7, అడుగు 3.4, పైన రెండు పట్టీలు 1.2, లోపల ఒక అర 3.3, షట్టర్ 4.6. మొత్తం 21 చదరపు అడుగులు దాటింది, అదంతా 18 మిల్లీమీటర్ల సరుకు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీటు అంటే 32 చదరపు అడుగులు. అంటే రెండడుగుల బాక్సు ఒక్కటే షీటులో మూడింట రెండు వంతులు తింటోంది, కోతలో పోయేది, వెనకపలక దీనికి అదనం.

దీని నుంచి తెలిసేదేమిటంటే, రేటు బేరమాడి తగ్గిస్తే తయారీదారు తగ్గించుకునే చోటు కూడా ఆ కనిపించని పదహారు అడుగులే. షట్టర్ 18 ఉంచి, పక్కలను 16 చేస్తారు. లోపలి అర తీసేస్తారు. పక్కపక్క బాక్సులకు రెండు పక్కల బదులు ఒకే ఉమ్మడి పలక వేస్తారు. వెనకపలక 6 మిల్లీమీటర్ల ప్లై బదులు 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ అవుతుంది. అందుకే రెండు కొటేషన్లను అడుగు రేటుతో పోల్చడం కంటే బాక్సుల జాబితాతో పోల్చడం మేలు.

వెడల్పు విషయంలోనూ ఒక మాట. 18 మిల్లీమీటర్ల అర రెండడుగుల వరకు బరువు మోస్తుంది. మూడడుగులు సాగదీస్తే గిన్నెల బరువుకు మధ్యలో కుంగుతుంది, పార్టికల్ బోర్డయితే మరీ త్వరగా. మూడడుగుల బాక్సు తప్పదంటే మధ్యలో నిలువు పలకయినా ఉండాలి, అర 25 మిల్లీమీటర్లదయినా కావాలి.

అంచు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బోర్డుకు రెండు ముఖాలు, నాలుగు అంచులు ఉంటాయి. ముఖాలను సన్‌మైకా కాపాడుతుంది. అంచులను కాపాడేది ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచు పొడవునా అతికించే ప్లాస్టిక్ పట్టీ. షట్టర్లకు 2 మిల్లీమీటర్ల మందం, లోపలి పలకలకు 0.8 ఉంటే బాగుంటుంది. పలుచని బ్యాండ్ గిన్నె తగిలితే చిట్లుతుంది.

ఫ్యాక్టరీలో ఈ బ్యాండ్‌ను కరిగిన వేడి జిగురుతో యంత్రం అతికిస్తుంది. ఇంటి దగ్గర పనిచేసే కార్పెంటర్ రబ్బరు జిగురు రాసి చేత్తో ఒత్తుతాడు. రెండోది కొత్తలో తేడా తెలియదు. పొయ్యి పక్క వేడికి ఆ జిగురు మెత్తబడి, ఏడాది రెండేళ్లలో మూల దగ్గర లేస్తుంది. లేచిన సందులోకి తుడిచే బట్టలోని నీరు దిగుతుంది, ఆ తర్వాత కథ మొదటి పేరాలో చెప్పిందే. ఫ్యాక్టరీ జిగురులోనూ రెండు రకాలున్నాయి. మామూలుగా వాడేది ఈవీఏ. పీయూఆర్ అనే రకం ఒకసారి గట్టిపడ్డాక వేడికీ ఆవిరికీ మళ్లీ మెత్తబడదు, ఖరీదు కాస్త ఎక్కువ. మొత్తం కిచెన్‌కు కాకపోయినా సింకు, పొయ్యి బాక్సులకు అడిగి చేయించుకోదగ్గది.

ఇంటి దగ్గరే చేయిస్తున్నట్టయితే ఎడ్జ్ బ్యాండ్ కంటే పాత పద్ధతే నయం: టేకు బీడింగ్. అంచుకు ఫెవికాల్ మెరైన్ రాసి సన్నని టేకు పట్టీ మేకులతో కొట్టి, ముఖానికి సమంగా చిత్రిక పట్టి, పాలిష్ వేయడం. సరిగ్గా చేసిన బీడింగ్ ఇరవై ఏళ్లు కదలదు. సమయం పడుతుంది, మంచి చెయ్యి కావాలి.

ఎవరు చేసినా కంటికి కనిపించే అంచు బాగానే మూస్తారు. చూడాల్సింది కనిపించనివి. పక్కపలక కింది అంచు, అంటే బాక్సు బోర్లించి చూస్తే తప్ప తెలియనిది. అడుగుపలక వెనక అంచు. సింకు పైపు కోసం కోసిన రంధ్రం లోపలి వైపు. ప్లగ్ పాయింట్ కోసం వెనకపలకలో కోసిన గుంత. బాక్సులు బిగించక ముందే వరుసగా పెట్టించి ఈ అంచుల మీద వేలు పోనిచ్చి చూడండి. గరుకుగా తగిలిన చోటల్లా రెండు పూతలు పీయూ (పాలియురేథేన్) సీలరో, కనీసం సిలికానో పూయించాలి. అరగంట పని. బిగించిన తర్వాత అయితే ఆ అంచులు ఎవరికీ అందవు.

బాక్సులు నేలకు ఆనకూడదు. 100 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టి, ముందు స్కర్టింగ్ పట్టీని క్లిప్పులతో తగిలించాలి. నీళ్లు కిందనుంచి పోతాయి, పట్టీ లాగితే ఊడొస్తుంది, లోపల ఊడ్చుకోవచ్చు. స్కర్టింగ్‌ను ప్లైతో చేసి మేకులు కొట్టేశారంటే నేల కడిగిన ప్రతిసారీ అది నీళ్లు పీలుస్తుంది.

ఫినిష్‌లు, వాటి అసలు స్వభావం

లామినేట్, అంటే మన వాడుకలో సన్‌మైకా, ఇప్పటికీ వంటింటికి అన్నిటికంటే ఓర్పున్న ఫినిష్. బయట 1 మిల్లీమీటరు, లోపల 0.8 దాకా. పని పాడయ్యేది ఒక కక్కుర్తి వల్ల: షట్టర్‌కు ముందు లామినేట్ వేసి, వెనక పెయింటు కొట్టడమో, మరీ పలుచని లైనర్ (లోపలివైపుకు వాడే లామినేట్) అతికించడమో చేస్తారు. ఒకవైపు తేమ ఎక్కుతుంది, రెండోవైపు ఎక్కదు, షట్టర్ విల్లులా వంగుతుంది. రెండువైపులా దాదాపు సమాన మందం ఉండాలి. మెరిసే ముదురు రంగుల మీద గీతలు, వేలిముద్రలు దాగవు. లోతైన గీతలున్న చెక్క నమూనా బొమ్మలో బాగుంటుంది, పొయ్యి పక్కన ఆ గీతల్లో జిడ్డు పట్టి టూత్‌బ్రష్‌తో తోముకోవాల్సి వస్తుంది. సన్నని మ్యాట్ లేదా స్వేడ్ తీసుకుంటే గొడవ ఉండదు.

యాక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది, లోతు కనిపిస్తుంది. గీత పడితే మాత్రం కనిపించి తీరుతుంది. పీచుతో రుద్దే అలవాటున్న ఇంట్లో కింది షట్టర్లకు వద్దు, పైవాటికి పరవాలేదు. మెంబ్రేన్ అంటే ఎండీఎఫ్ మీద పలుచని పీవీసీ పొరను వేడి చేసి, గాలి లాగి అతికించడం. చెక్కడాలు, గుండ్రటి అంచులు చేయొచ్చు కాబట్టి సంప్రదాయ డిజైన్లకు ఇష్టపడతారు. పొయ్యి దగ్గర, ఓవెన్ పక్క ఆ పొర కుంచించుకుని అంచున లేస్తుంది. ఒకసారి లేచిన మెంబ్రేన్‌ను ఇంట్లో అతికించడం కుదరదు, షట్టర్ మార్చడమే.

పీయూ పెయింటు అతుకుల్లేని ముఖం ఇస్తుంది, ఏ రంగైనా దొరుకుతుంది. ఇదంతా ప్రైమర్, సానబెట్టడం, పూతలు, మళ్లీ సానబెట్టడం అనే ఓపిక మీద ఆధారపడిన పని. దుమ్ము లేని గదిలో చేసిన పీయూకీ, సగం కట్టిన అపార్టుమెంట్ బాల్కనీలో కొట్టిన పీయూకీ పోలికే లేదు. పైగా దెబ్బ తగిలి చెక్కు లేచినచోట రంగు కలిపి సరిచేయడం కష్టం. వెనీర్ అయితే నిజమైన చెక్క పొర, కలప మీద ప్రేమ ఉన్నవాళ్లకు. దాన్ని కాపాడేది పాలిష్ మాత్రమే కాబట్టి ఇక్కడ పాలిష్ ఎంపిక ముఖ్యం. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ వంటింట్లో పనికిరాదు, వేడిగిన్నె ఆవిరికే తెల్లమచ్చలు పడుతుంది. మెలమైన్ గట్టిగా ఉంటుంది కానీ పెళుసు, కొన్నాళ్లకు పచ్చబడుతుంది. టేకుకైనా వెనీర్‌కైనా పీయూ పాలిష్ వేయించడమే సరైంది. షట్టర్ ముందే కాదు, వెనకా, పైకిందా అంచులకూ అన్ని పూతలూ పడాలి.

తెల్ల షట్టర్ల మీద పసుపు మరక గురించి ఎక్కువగా భయపెడతారు. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. లామినేట్ మీద పడినది వెంటనే తుడిచేస్తే చాలావరకు పోతుంది, మిగిలిన లేత మరక కిటికీ ఎండ తగిలేచోటయితే కొద్దిరోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. ఆవకాయ నూనె అంతకంటే మొండిది.

కుక్కర్ ఆవిరి కొట్టే పై బాక్సు అడుగుభాగం సంగతి మర్చిపోవద్దు. అక్కడ లోపలికి వాడే లైనర్ సరిపోదు, బయటి 1 మిల్లీమీటరు లామినేట్ వేయించి, ముందంచుకు మందపాటి బ్యాండ్ పెట్టించాలి. చిమ్నీ ఉన్నా సరే, చాలా ఇళ్లలో కుక్కర్ పెట్టేది దాని కింద కాదు, పక్క బర్నర్ మీద.

బిగింపులు, పురుగులు

హింజ్‌లు మూడడుగుల షట్టర్ వరకు రెండు, అయిదడుగుల వరకు మూడు, ఆ పైన నాలుగు. హెచ్‌డీహెచ్ఎంఆర్ అయితే ఒకటి కలుపుకోండి. స్టీలులో 304 రకం తుప్పును బాగా ఓర్చుకుంటుంది, 202 అంతగా ఓర్చుకోదు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఈ తేడా రెండు వానాకాలాల్లో బయటపడుతుంది. బియ్యం డబ్బా పెట్టే సొరుగుకు కనీసం 50 కిలోలు మోసే చానళ్లు (సొరుగు జారే పట్టాలు) అడగండి, మామూలువి 30 కిలోలవే ఉంటాయి. కొత్త అపార్టుమెంట్ల గోడలు చాలావరకు తేలికపాటి ఏఏసీ దిమ్మెలతో కట్టినవి. వాటిలో మామూలు ప్లాస్టిక్ గుల్లలు నిలవవు. పై బాక్సులు తగిలించడానికి ఆ దిమ్మెలకు పనికొచ్చే పొడవాటి యాంకర్లే వాడాలి.

గ్యాస్ బండ బాక్సుకు అడుగుపలక పెట్టించొద్దు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలబారుగా పేరుకుంటుంది. షట్టర్ కింది భాగంలో గాలి పోయే సందులు తప్పనిసరి.

చెదకూ పుచ్చుకూ తేడా తెలిస్తే సగం తగాదాలు తీరతాయి. గోడ మీద మట్టి గీతలు పాకితే అది చెద, నేలలోనుంచో గోడలోనుంచో వచ్చింది. దానికి బోర్డును తిట్టి లాభం లేదు, ఇంటికి మందు కొట్టించాలి. సూదిమొన అంత రంధ్రాలు, కింద సన్నని పిండి కనిపిస్తే అది పుచ్చు. గుడ్లు ఎక్కువగా చెక్కలోనే వచ్చి ఉంటాయి, కాబట్టి ప్లై అమ్మినవాళ్లను గట్టిగా అడగొచ్చు. 'జీవితకాల గ్యారంటీ' పనికొచ్చేది కూడా ఇలాంటప్పుడే. షీటు మార్చి ఇస్తారు, విప్పి బిగించే కూలి సాధారణంగా మీదే. అదీ బిల్లు మీ పేరున, షీటు రకం రాసి ఉంటేనే.

పని వరస, కాగితం

పాత కిచెన్ తీసి కొత్తది పెట్టేటప్పుడు గోడలో చెమ్మ ఉంటే ముందు దాన్ని తేల్చుకోవాలి. చెమ్మగోడకు ఆనించిన వెనకపలక ఎంత మంచిదైనా బూజు పట్టక మానదు. తర్వాత పైపులు, కరెంటు పాయింట్లు, టైల్స్, గట్టు. కొత్త ప్లాస్టరింగ్ అయితే పూర్తిగా ఆరేదాకా ఆగి, టైల్స్ వేశాకే చివరి కొలత తీసుకోవాలి. గోడ మూల ఎక్కడా కచ్చితంగా 90 డిగ్రీలు ఉండదు. ముందే కొలిచి చేసుకొచ్చిన బాక్సుకు, గోడకు మధ్య మిగిలే వేలెడు సందుకు ఫిల్లర్ పట్టీ పెట్టాలి కానీ తెల్లసిమెంటు మెత్తకూడదు.

కొటేషన్‌లో తరచూ ఇలా రాస్తారు: '18 ఎంఎం బీడబ్ల్యూపీ ప్లై, సన్‌మైకా ఫినిష్, సాఫ్ట్ క్లోజ్.' ఈ మాటలతో ఏం చేసినా సమర్థించుకోవచ్చు. అదే ఇలా రాయించుకోండి: 'బాక్సుల పక్కలు, అడుగు, అరలు 18 ఎంఎం ఐఎస్ 710, ఫలానా బ్రాండ్. వెనకపలక 6 ఎంఎం అదే రకం, రెండు ముఖాలకూ లామినేట్. షట్టర్లు 18 ఎంఎం హెచ్‌డీహెచ్ఎంఆర్, ముందు వెనక 1 ఎంఎం లామినేట్, 2 ఎంఎం ఎడ్జ్ బ్యాండ్ నాలుగు అంచులకూ. సింకు బాక్సు అడుగుపలక పీవీసీ లేదా కడప బండ. హింజ్‌లు 304 స్టీలు, సంఖ్య ఇంత. చానళ్లు ఇన్ని కిలోలవి. కోసిన రంధ్రాలన్నిటికీ సీలర్.' ఇది చూసి రేటు పెంచితే ఆ పెంచినంత మేర అసలు ఏం తగ్గించబోయారో తెలిసినట్టే.

చివరి వాయిదా చెల్లించే ముందు సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి, టార్చి వేసి కింద బాటిల్ ట్రాప్ (సింకు నీళ్లు పోయే గొట్టంలోని బుడ్డి) కీలు చుట్టూ, గ్రానైట్ కింది అంచునా చెయ్యి పెట్టి చూడండి. మిగిలిన లామినేట్ ముక్కలు రెండు, ఎడ్జ్ బ్యాండ్ రెండు మూడు మీటర్లు అడిగి అటక మీద పెట్టించుకోండి. లామినేట్ కంపెనీ పేరు, షేడ్ నంబరు సింకు షట్టర్ లోపలి వైపు మార్కర్‌తో రాసి ఉంచండి. నాలుగేళ్ల తర్వాత ఒక్క షట్టర్ మార్చాల్సి వచ్చినప్పుడు 'ఆ గోధుమరంగు కొంచెం లేతది' అని దుకాణంలో వర్ణించాల్సిన అవస్థ తప్పుతుంది.